తుపాను హెచ్చరిక సేవ: గాలి లెక్క తేలింది, ఇంటి లెక్క తేలలేదు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆంధ్ర తీరంలో లక్షల మంది ఆధారపడే సేవ ఒకటుంది. దానికి చందా కట్టనక్కరలేదు, నచ్చకపోతే మరొకదానికి మారే వీలూ లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న మొదటి కబురు నుంచి, తుపాను తీరం దాటి బలహీనపడిందన్న చివరి ప్రకటన వరకు మనకు అందే హెచ్చరిక వ్యవస్థ గురించి చెబుతున్నాను. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవునా దీని వినియోగదారులు ఉన్నారు. డెల్టాలో పుట్టి పెరిగి, ఏటా ఈ సేవను వాడుకుంటున్న వ్యక్తిగా దీని మంచిచెడ్డలను నిదానంగా అంచనా వేయాలని ఈ సమీక్ష రాస్తున్నాను. ఉచితంగా అందే ప్రభుత్వ సేవకు సమీక్ష ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ప్రాణాలు దీని మీద ఆధారపడి ఉన్నాయి కనుక ఎంచే పద్ధతి మరింత గట్టిగా ఉండాలని నా అభిప్రాయం. నేను పెట్టుకున్న గీటురాయి ఒక్కటే: కరకట్ట పక్కన తాటాకింట్లో ఉంటున్న మనిషి ఈ హెచ్చరిక విని, అర్థం చేసుకుని, ఉన్న కొద్దిపాటి ఆస్తినీ పోగొట్టుకోకుండా సమయానికి కదలగలుగుతున్నాడా లేదా?

ముందుగా ఈ సేవలో ఏమేమి ఉన్నాయో చూద్దాం. తుపాను పుట్టుకను, గమనాన్ని అంచనా వేసేది భారత వాతావరణ విభాగం. మన తీరానికి సంబంధించిన హెచ్చరికలు విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి వెలువడతాయి. విశాఖపట్నం, మచిలీపట్నంలలోని డాప్లర్ రాడార్లు దగ్గరికి వచ్చిన తుపానును కనిపెట్టుకుని ఉంటాయి. అలల ఎత్తు, ఉప్పెన, సునామీల అంచనా హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పని. వీటన్నిటినీ అందుకుని జిల్లాలకు, మండలాలకు, ఫోన్లకు పంపేది రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కోసం కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన సచేత్ యాప్, వాతావరణ విభాగం వారి మౌసమ్ యాప్ ఇటీవలి చేర్పులు. ఈ గొలుసుకు చివరి కొసన తుపాను షెల్టర్ భవనం, గ్రామ సచివాలయ ఉద్యోగి, మైకు కట్టిన ఆటో ఉంటాయి. నా దృష్టిలో గొలుసు బలం ఈ చివరి కొసనే తేలుతుంది. కాని మొదటి కొసకు ఇవ్వవలసిన మార్కులు ఇవ్వకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు.

ఆ మార్కులు చాలా ఎక్కువ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పది వేల మంది చనిపోయారు. అయిదారు మీటర్ల ఎత్తున లేచిన నీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చి హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లను తుడిచిపెట్టింది. 1990 మేలో ఇంచుమించు అదే ప్రాంతాన్ని అంతటి తీవ్రతతోనే మరో తుపాను తాకినప్పుడు మరణాలు వెయ్యి లోపే ఉన్నాయి. అది కూడా పెద్ద సంఖ్యే అయినా, ముందుగా లక్షల మందిని తరలించకపోతే ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదికే వచ్చింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయేంత గాలి వీచినా మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. పొరుగున ఒడిశాలో 1999 నాటి పెను తుపాను పది వేల ప్రాణాలు తీస్తే, 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ నాటికి అది కొన్ని పదులకు దిగింది. ఒక రోజు ముందుగా చెప్పే తుపాను స్థానంలో సగటు తేడా ఇప్పుడు వంద కిలోమీటర్ల లోపే ఉంటోంది. ఉపగ్రహాలు, రాడార్లు, గణిత నమూనాలు, వాటి వెనుక రాత్రింబవళ్లు కూర్చునే శాస్త్రవేత్తలు కలిసి సాధించిన ఫలితమిది. మన జీవితకాలంలో ఒక ప్రభుత్వ సేవ ఇంతగా మెరుగుపడటం నేను మరొక రంగంలో చూడలేదు.

హెచ్చరికలు దశలవారీగా వస్తాయి. డెబ్బై రెండు గంటల ముందు తొలి గమనిక, నలభై ఎనిమిది గంటల ముందు పసుపు రంగు అప్రమత్తత, ఇరవై నాలుగు గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక, పన్నెండు గంటల ముందు ఎరుపు రంగుతో తీరం దాటిన తర్వాత లోపలి జిల్లాల్లో ఏం జరగవచ్చో తెలిపే అంచనా. కలెక్టరేట్ల స్థాయిలో ఈ క్రమం చక్కగా పనిచేస్తోంది. సెలవుల ప్రకటన, బోట్లను వెనక్కి పిలవడం, సహాయక దళాల మోహరింపు, గర్భిణులను ముందుగా ఆసుపత్రులకు చేర్చడం, అన్నీ దీన్ని బట్టే నడుస్తాయి. ప్రభుత్వ యంత్రాంగం ఒక్కటే ఈ సేవకు వినియోగదారు అయితే సమీక్షను ఇక్కడే ముగించి పూర్తి మార్కులు వేయవచ్చు. ఇదే సమాచారం సామాన్యుడికి చేరే రూపంలోనే మొదటి లోపం కనబడుతుంది.

టీవీలో, పత్రికల్లో ఎక్కువగా వినిపించే మాట ‘ఫలానా రేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక’. ఈ సూచికలు ఓడల కోసం, రేవుల కోసం ఏర్పడినవి. ఒకటి, రెండు దూరపు సముద్రంలోని వాతావరణాన్ని, మూడు, నాలుగు రేవు దగ్గరి వాతావరణాన్ని తెలుపుతాయి. అయిదు నుంచి ఏడు వరకు ప్రమాదాన్ని, ఎనిమిది నుంచి పది వరకు మహా ప్రమాదాన్ని సూచిస్తాయి. పదకొండు ఎగరేశారంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఎనిమిది, తొమ్మిది, పది నంబర్ల మధ్య తేడా తీవ్రతకు సంబంధించినది కాదు. తుపాను రేవును తనకు ఎడమవైపు ఉంచి వెళ్తుందా, కుడివైపు ఉంచి వెళ్తుందా, రేవు మీదుగానో అతి సమీపంగానో వెళ్తుందా అన్నది మాత్రమే ఆ మూడు నంబర్లూ వరుసగా చెబుతాయి. నావికుడికి అది ఎంతో విలువైన సమాచారం. ఒడ్డున ఉన్నవారికి మాత్రం ‘మనకు ఎనిమిదే, వాళ్లకు పది’ అన్న ధైర్యాన్ని ఇస్తుంది. ఆ ధైర్యానికి ఆధారం లేదు. ముఖ్యంగా తొమ్మిదో నంబరు ఉన్నచోట ఉప్పెన పదో నంబరు ఉన్నచోటి కన్నా తక్కువగా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

దీనికి కారణాన్ని కొంచెం వివరించాలి, ఎందుకంటే తీరంలో ఉండే ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన విషయమిది. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. తూర్పు నుంచి వచ్చి మన తీరాన్ని తాకే తుపానుకు ఉత్తర భాగంలో, అంటే దాని కుడి చేతి వైపున, గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. నీటిని ఒడ్డుకు తోసేది ఆ గాలే. దక్షిణ భాగంలో గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కనుక అక్కడ నీరు కొన్నిసార్లు వెనక్కి కూడా పోతుంది. 1977లో తుపాను కేంద్రం తీరం దాటినది చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో. ఉప్పెన విరుచుకుపడినది దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమ మీద. అక్కడ తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, నేల పల్లం, కృష్ణ పాయలు నీటికి దారి చూపిస్తాయి. కాబట్టి ‘తుపాను ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుంది’ అన్న ఒక్క వాక్యం ఆ ఊరికి ఉత్తరాన యాభై, అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి అవసరమైన భయాన్ని కలిగించదు. ఇన్‌కాయిస్ నమూనాలు ఏ తీరంలో ఎన్ని మీటర్ల ఉప్పెన రావచ్చో లెక్కగట్టి చెబుతున్నాయి. ఆ లెక్క ‘మీ ఊరి గుడి మెట్ల దాకా నీరు రావచ్చు’ అనే రూపంలో గ్రామానికి చేరినప్పుడే అది నిజంగా హెచ్చరిక అవుతుంది.

తీరం దాటే చోటుకు అతిగా ప్రాధాన్యం ఇవ్వడం వల్ల కలిగే ఇబ్బంది ఉప్పెనకే పరిమితం కాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ఒక రోజు ముందే అది సముద్రంలో నెమ్మదిగా కదులుతూ చెన్నై నగరాన్ని నీట ముంచింది. 2024 ఆగస్టు చివరి రాత్రి కళింగపట్నం సమీపంలో తీరం దాటినది తుపాను కూడా కాదు, వాయుగుండం మాత్రమే. అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో విజయవాడలో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన రికార్డు వరద వచ్చింది. అదే వానలకు మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది. మన వర్గీకరణ అంతా గాలి వేగం మీద నిలబడినది: గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. వాన ఈ మెట్లను పట్టించుకోదు. గాలి మెల్లగా ఉన్న వాయుగుండం కదలకుండా నిలబడితే పెను తుపాను కన్నా ఎక్కువ మందిని నిరాశ్రయులను చేయగలదు. వాన అంచనాకు భారీ, అతి భారీ, అత్యంత భారీ అని విడిగా మెట్లు ఉన్నాయి, చివరిది 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు, ఆపైన. కాని జనం గుర్తుంచుకునేది తుపాను పేరును, అది దాటే ఊరిని మాత్రమే. విజయవాడలో పల్లపు కాలనీలో ఉన్నవారు కళింగపట్నం పేరు విని ఎందుకు సామాన్లు సర్దుకుంటారు?

ఫోన్ సందేశాల విషయానికి వస్తే, సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతి ఈ సేవకు వచ్చిన మంచి బలం. మామూలు ఎస్సెమ్మెస్ ఒక్కొక్క నంబరుకూ విడిగా వెళ్లాలి కాబట్టి నెట్‌వర్క్ మీద భారం పెరిగితే ఆలస్యమవుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ అయితే ఒక టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి, పెద్ద శబ్దంతో చేరుతుంది. ఆ ఊరికి పనికోసం వచ్చిన పొరుగు రాష్ట్రపు కూలీ ఫోను కూడా మోగుతుంది. సచేత్ యాప్‌లో మనమున్న చోటును బట్టి హెచ్చరికలు తెలుగులోనూ చూడవచ్చు, పిడుగుల హెచ్చరికలు కూడా అందులో వస్తాయి. చదువు, చేతిలో మంచి ఫోను ఉన్న కుటుంబానికి ఇవి చాలావరకు సరిపోతాయి. అయితే కరెంటు పోయి, టవర్లు కూలితే ఇవన్నీ మూగబోతాయి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి ఫోన్లు పలకలేదు, కరెంటు రాలేదు. అంత పెద్ద నగరానికే ఆ పరిస్థితి ఎదురైతే, లంక గ్రామం సంగతి వేరే చెప్పనవసరం లేదు. బ్యాటరీతో నడిచే చిన్న రేడియోను ఇంట్లో ఉంచుకోమని నేను అందరికీ చెబుతుంటాను. ఆకాశవాణి ప్రసారం దూరం నుంచి కూడా అందుతుంది.

సముద్రంలో ఉన్నవారి సంగతి విడిగా చెప్పాలి. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి తిరిగి రాని మత్స్యకారులు వందల సంఖ్యలో ఉన్నారు. భైరవపాలెం పేరు ఆనాటి నుంచి ఉమ్మడి తూర్పు గోదావరి తీరంలో ఎవరూ మరచిపోలేదు. ఒడ్డు నుంచి కొన్ని కిలోమీటర్లు దాటితే ఫోన్ పనిచేయదు, మరబోట్లేమో రోజుల తరబడి లోపలే ఉంటాయి. 2019లో వచ్చిన జెమిని పరికరం ఉపగ్రహం నుంచి హెచ్చరికను అందుకుని పడవలోని ఫోనుకు పంపుతుంది. అది ఒకవైపు మాత్రమే నడిచే సంభాషణ, పడవలోని వారు తిరిగి కబురు పంపలేరు. 2024లో దేశవ్యాప్తంగా లక్ష పడవలకు రెండువైపులా సందేశాలు నడిపే ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం మొదలైంది. ఈ మొత్తం సేవలో వెంటనే పూర్తి కావలసిన పని ఇదే. ఒడ్డున ఉన్నవాడికి షెల్టర్ ఉంది, నడిసముద్రంలో ఉన్నవాడికి సమయమే షెల్టర్.

హెచ్చరిక వినగానే మత్స్యకారుడు వేట మానాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వార్షిక వేట నిషేధానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. తుపాను కారణంగా పోయిన వేట రోజులకు అలాంటి కచ్చితమైన ఏర్పాటు లేదు. తుపాను తర్వాత విడిగా ప్రకటించే బియ్యం, నిత్యావసరాల మీదే ఆధారపడాలి. అల్పపీడనం వెంట అల్పపీడనం వచ్చే నవంబరులో ఇల్లు గడవడం కష్టమవుతుంది. షావుకారు దగ్గర డీజిలుకు, ఐసుకు తీసుకున్న అప్పు మాత్రం ఆగదు. హెచ్చరికను లెక్కచేయకుండా వేటకు వెళ్లాడని మత్స్యకారుణ్ణి మూర్ఖుడన్నట్టు మాట్లాడేవారిని నేను విన్నాను. అతడికి హెచ్చరిక బాగానే అర్థమవుతుంది. దాన్ని పాటించడానికి అయ్యే ఖర్చును తానొక్కడే భరించాలన్నది కూడా అతడికి అంతే బాగా అర్థమవుతుంది.

కౌలు రైతు సంగతీ ఇంతే. డెల్టాలో వరి కోతలు తుపానుల కాలంలోనే వస్తాయి. మిచౌంగ్ వచ్చిన వారంలో కృష్ణా, బాపట్ల, గుంటూరు జిల్లాల్లో పంట కొంత పొలంలో నిలబడి, కొంత పనల మీద, కొంత రోడ్ల పక్కన ఆరబోసి ఉంది. మూడు రోజుల ముందు హెచ్చరిక వస్తే చేయగలిగింది ఎంతో ఉంటుంది: కోసిన పనలను కుప్ప వేయవచ్చు, ధాన్యాన్ని బస్తాలకెత్తవచ్చు, పరదాలు కప్పవచ్చు. అయితే పరదాల అద్దె ఆ మూడు రోజుల్లోనే పెరుగుతుంది, కూలీలు దొరకరు, కోత యంత్రం ముందు పెద్ద కమతాలకు వెళుతుంది. ధాన్యం కొనుగోలుకు పెట్టిన పదిహేడు శాతం తేమ నిబంధన దాటిన ధాన్యాన్ని తీసుకునేవారు ఉండరు. పంట పోయాక నష్టం నమోదుకు వచ్చే సిబ్బంది ముప్పై మూడు శాతం, ఆపైన నష్టపోయిన పొలాలనే రాసుకుంటారు. ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-పంటలో పేరు ఉండాలి. భూమి యజమాని సంతకం లేక సాగుదారు హక్కు పత్రం రాని కౌలుదారుకు పెట్టుబడి రాయితీ అందడం కష్టం. ఇన్ని తెలిసిన మనిషి తుపాను రాత్రి షెల్టరుకు వెళ్లకుండా ధాన్యం రాశి దగ్గరే పరదా అంచులు పట్టుకుని కూర్చుంటే, దాన్ని అవగాహన లోపమని ఏ నివేదికలోనూ రాయకూడదు. తుపాను గాలి యజమానికీ కౌలుదారుకూ ఒకే వేగంతో వీస్తుంది. దాని వల్ల ఎవరు ఎంత పోగొట్టుకుంటారన్నది మాత్రం తుపాను రావడానికి ఎన్నో ఏళ్ల ముందే, భూమి పత్రాల్లోను, అప్పు నోట్లలోను, ఇంటి పైకప్పులోను నిర్ణయమై ఉంటుంది.

కరకట్ట వెంబడి, మురుగు కాలువల గట్ల మీద ఇళ్లు వేసుకున్న యానాది కుటుంబాలను చూస్తే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. రొయ్యలు, పీతలు పట్టుకుని, చెరువుల కాపలా కాసి బతికే వీరి ఇళ్లు చాలాచోట్ల ఊరికి బయట, పల్లంలో ఉంటాయి. ఆటో మైకు ఊరి రామాలయం దగ్గర తిరిగి వెనక్కి వెళ్లిపోతే వీరికి కబురు అందదు. స్థలం పట్టా లేకపోతే పక్కా ఇల్లు మంజూరు కాదు, పక్కా ఇల్లు లేనందువల్ల ప్రతి తుపానుకూ ఇల్లు పోతుంది, ఇల్లు పోయినప్పుడు ఆధార్, రేషన్ కార్డు వంటి కాగితాలూ పోతాయి, కాగితాలు లేనందువల్ల సాయం ఆలస్యమవుతుంది. 1977లోనూ గుడిసెల్లో ఉన్నవారు కొట్టుకుపోగా, డాబాల పైకి ఎక్కగలిగినవారు ఎక్కువగా మిగిలారు. హెచ్చరిక వ్యవస్థ అప్పటికన్నా ఎన్నో రెట్లు మెరుగుపడినా, గుడిసెకూ డాబాకూ మధ్య దూరం చాలా ఊళ్లలో ఇంకా అలాగే ఉంది.

ఇక షెల్టర్లు. దివిసీమ ఉప్పెన తర్వాత స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వం కట్టినవి కొన్ని, ప్రపంచ బ్యాంకు సాయంతో 2011 నుంచి ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలో మొదలైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకం కింద కట్టినవి మరికొన్ని. కొత్తవి ఎత్తైన స్తంభాల మీద, ర్యాంపుతో, గట్టి కట్టడంతో బాగున్నాయి. షెల్టర్ మంచిచెడ్డలు తుపాను రోజున కాక మిగతా ఏడాదిలో తేలతాయని నేను చూసిన వాటిని బట్టి చెప్పగలను. బడిగానో అంగన్‌వాడీగానో రోజూ వాడుకలో ఉన్న భవనంలో కుళాయి పనిచేస్తుంది, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది, తాళం ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలుసు. వాడకుండా వదిలేసిన భవనంలో గబ్బిలాలు, విరిగిన కిటికీలు మిగులుతాయి. నాకు తెలిసిన ఒక తీర గ్రామంలో తుపాను రాత్రి తాళంచెవి ఉన్న వ్యక్తి పొరుగూరిలో ఉండడంతో పిల్లా పాపలతో జనం వానలో మెట్ల మీద నిలబడవలసి వచ్చింది. ఆ తర్వాతి తుపానుకు ఆ ఊరి వారిలో చాలామంది షెల్టర్ వైపు చూడలేదు.

ఆడవారు షెల్టరుకు రావడానికి వెనుకాడటానికి కారణాలు ఉన్నాయి. ఒకే హాలులో వందల మంది, విడిగా మరుగుదొడ్డి లేకపోవడం, పాలిచ్చే తల్లులకు చాటు లేకపోవడం, ఇంట్లో వదిలి వచ్చిన మేకలు, కోళ్లు, పాడి గేదె, ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపిస్తాయి. 1991లో బంగ్లాదేశ్‌లో లక్షకు పైగా ప్రాణాలు తీసిన తుపానులో మగవారి కన్నా ఆడవారే ఎక్కువగా చనిపోవడానికి ఇటువంటి విషయాలే చాలావరకు కారణం. ఆ దేశం ఆ తర్వాత షెల్టర్లను పెంచింది, ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలను, వారిలో ఆడవారిని, తయారుచేసుకుంది, మరణాలను ఎన్నో రెట్లు తగ్గించగలిగింది. మన దగ్గర విపత్తుల్లో సాయపడేందుకు ఆపద మిత్ర పథకం కింద శిక్షణ పొందిన యువకులు ఉన్నారు, డ్వాక్రా సంఘాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అయినా షెల్టర్ నిర్వహణను ఆ సంఘాలకు అప్పగించిన చోట్లు నాకు పెద్దగా కనబడలేదు. అప్పగిస్తే తాళంచెవి సమస్య, మరుగుదొడ్డి సమస్య రెండూ తీరతాయని నా నమ్మకం.

ఇన్ని చెప్పాక అంచనా ఇలా ఉంది. తుపాను రాకను, గమనాన్ని ముందుగా చెప్పడంలో ఈ సేవ అగ్రశ్రేణిలో ఉంది, దాన్ని అనుమానించి ఇంట్లో కూర్చోవడం ప్రాణాంతకం. కబురు వేగంగా చేరడంలో బాగుంది, తీరం నుంచి సముద్రంలోకి వెళ్లేకొద్దీ బలహీనపడుతోంది. కబురు అర్థమయ్యే తీరులో మధ్యస్థం. వాతావరణ విభాగం తన తుపాను ప్రకటనల్లో ఏ వేగానికి పూరిళ్లకు, విద్యుత్ స్తంభాలకు, అరటి, కొబ్బరి తోటలకు ఎంత నష్టం జరగవచ్చో ఒక పట్టికగా ఇస్తోంది. నా దృష్టిలో ప్రకటన మొత్తంలో విలువైనది ఆ పట్టికే. రేవు నంబర్లకు ఇచ్చే స్థలాన్ని మాధ్యమాలు దానికి ఇవ్వాలి. హెచ్చరికను పాటించినవారి నష్టాన్ని పంచుకోవడంలో మాత్రం ఈ సేవ బాగా వెనకబడి ఉంది, శాస్త్రవేత్తలు దిద్దగలిగిన లోపం కాదది. తుపాను కారణంగా ఆపిన వేట రోజులకు ముందే తెలిసిన రేటుతో భృతి, హెచ్చరిక వెలువడిన రోజు నుంచే తేమ నిబంధన సడలింపు, మండలానికి ఒకచోట ఉచితంగా తీసుకెళ్లగలిగిన పరదాల నిల్వ, సాగు చేస్తున్నవాడి పేరు మీదే నష్టం నమోదు, వీటిని హెచ్చరికలో భాగంగా చూసినప్పుడే తరలింపులు సులువవుతాయి.

వాడుకునేవారికి కొన్ని సూచనలు. తీరం దాటే ఊరి పేరు కన్నా, మీ ఊరు ఆ ఊరికి ఉత్తరాన ఉందా, దక్షిణాన ఉందా అన్నది ముందు చూసుకోండి. ఉత్తరాన ఉంటే, సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉంటే, నంబరు ఎంతన్నది చూడకుండా కదలండి. తీరం దాటే సమయం ఆ రోజు పోటు సమయంతో కలుస్తోందా అని పెద్దవారిని, మత్స్యకారులను అడగండి. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు ఎక్కువగా ఉంటుంది. తీరానికి దూరంగా కాలువ గట్టునో వాగు పక్కనో ఉన్నవారు గాలి వేగం బదులు వాన అంచనా చూసుకోవాలి. తుపాను మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగితే అది కేంద్ర భాగం మీ మీదుగా వెళుతున్నదనడానికి గుర్తు, కాసేపట్లో వ్యతిరేక దిశ నుంచి అంతే గాలి వస్తుంది, బయటికి రావద్దు. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు నీరు చొరని కవరులో పెట్టుకుని వెంట తీసుకెళ్లండి. రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, జిల్లా కంట్రోల్ రూముకు 1077 నంబర్లు ఉన్నాయి. గాలి మొదలయ్యాక లైను దొరకడం కష్టం కాబట్టి, నడవలేని పెద్దవారు, నెలలు నిండిన గర్భిణులు, డయాలిసిస్ చేయించుకునేవారు ఇంట్లో ఉంటే నారింజ రంగు హెచ్చరిక వచ్చిన రోజే, పగటి పూటే ఫోన్ చేసి వాహనం అడగండి.